తుఫాను దినమున మన స్నేహితుల కొరకు

మన ధ్యానమునకు ఆధారముగా థెస్సలొనీకయులకు వ్రాసిన మొదటి పత్రిక 3వ అధ్యాయములో మొదటి అయిదు వచనాలు తీసికొన్నాను. దయచేసి బైబిలు తెరచి ఆ వచనాలు ఒకసారి చదువుకొని, తరువాత ఈ మాటలు చదవండి.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తీరప్రాంతమున ఉన్నవారికి అక్టోబరు నెల వస్తే గుండె దడ మొదలవుతుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ వచ్చింది. సరిగ్గా సంవత్సరము తిరిగేసరికి 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చింది. వాయుగుండం అనే మాట రేడియోలో వినబడగానే మనము ముందు మన ఇంటి కప్పు వైపు చూస్తాము. ఆ తరువాత మరొక ఆలోచన వస్తుంది. బారువలో ఉన్న మా అక్క కుటుంబము ఎలా ఉన్నదో, భావనపాడులో మా స్నేహితుడు వేటకు వెళ్ళాడో ఏమో, కవిటిలో మనతో కలిసి ప్రార్థన చేసిన ఆ ముసలి దంపతులు ఏమయ్యారో అని మనస్సు కొట్టుకుంటుంది.

ఈ బాధను గూర్చియే ఈ రోజు మీతో మాట్లాడాలని ఉన్నది. తుఫానులో చిక్కుకున్నవారి బాధ ఒకటి. తుఫానుకు దూరముగా ఉండి, చిక్కుకున్న స్నేహితుల సమాచారము అందక కూర్చున్నవారి బాధ మరొకటి. ఈ రెండవ బాధకు కూడా చరిత్ర ఉన్నది. ఆ చరిత్రలో సంఘము నేర్చుకోవలసిన పాఠాలున్నాయి.

పౌలు ఓర్చుకోలేకపోయాడు

అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయములో పౌలు, సీల థెస్సలొనీకలో సువార్త ప్రకటించారు. అల్లరి లేచింది. సహోదరులు రాత్రికి రాత్రే వారిని పట్టణము నుండి పంపివేశారు. పౌలు బెరయకు, అక్కడినుండి ఏథెన్సుకు వెళ్ళాడు. తాను తప్పించుకున్నాడు గాని, కొత్తగా విశ్వసించినవారు ఆ అల్లరి మధ్యలోనే ఉండిపోయారు. వారిమీదికి వచ్చినది గాలివాన కాదు, హింస. అయినను దూరమున ఉన్న పౌలుకు కలిగిన బాధ మనకు తెలిసిన బాధయే. వాళ్ళు నిలిచి ఉన్నారా, చెదరిపోయారా? చెప్పేవారు లేరు.

పౌలు ఏమి చేశాడు? ఇక ఓర్చుకోలేక, తాను ఏథెన్సులో ఒంటరిగా మిగిలిపోయినా ఫరవాలేదని తిమోతిని పంపాడు. ఈ సంగతి ఒకటవ వచనములో ఒకసారి, అయిదవ వచనములో మరొకసారి, రెండుసార్లు వ్రాశాడు. గొప్ప అపొస్తలుడు, మూడవ ఆకాశము దర్శనము పొందినవాడు, తన స్నేహితుల క్షేమ సమాచారము తెలియక నిలువలేకపోయానని సిగ్గుపడకుండా చెప్పుకున్నాడు. తిమోతి మంచి సమాచారము తెచ్చినప్పుడు తనకు ప్రాణము లేచివచ్చినట్లు అదే అధ్యాయములో వ్రాశాడు. ప్రియులారా, స్నేహితుల కొరకు మీ గుండె కొట్టుకుంటున్నదంటే మీ విశ్వాసము సన్నగిల్లిందని అనుకోకండి. పౌలు గుండె కూడా అలాగే కొట్టుకుంది.

వార్త ఆలస్యముగా వచ్చిన కాలము

మన తూర్పు తీరము సంగతి చూద్దాము. 1789 డిసెంబరులో గోదావరి ముఖద్వారము దగ్గరనున్న కోరంగి రేవును తుఫాను ముంచివేసింది. మూడు మహా కెరటాలు ఒకదాని వెంట ఒకటి వచ్చి ఊరిని, ఓడలను తుడిచిపెట్టాయని చెబుతారు. మరణించినవారు 20,000 మంది ఉంటారని అంచనా. అదే కోరంగి 1839 నవంబరులో మరల దెబ్బతిన్నది. కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ అనే ఆంగ్లేయుడు ఇలాంటి గాలివానలను గూర్చి ఓడల దినచర్య పుస్తకాలనుండి సమాచారము కూర్చాడు. గాలి పాము చుట్టలు చుట్టుకొన్నట్లు తిరుగుతున్నదని గమనించి, గ్రీకు మాటనుండి "సైక్లోన్" అనే పేరు పెట్టాడు. 1848లో నావికుల కొరకు ఒక పుస్తకము ప్రచురించాడు. ఈనాడు లోకమంతా వాడే ఆ మాట మన బంగాళాఖాతము తుఫానులను పరిశీలించిన మనిషి నోటినుండి వచ్చినదే. అమెరికా వైపు దీనినే హరికేన్ అంటారు. చైనా, జపాను సముద్రాల్లో టైఫూన్ అంటారు. పేర్లు వేరు, గాలి ఒక్కటే.

1864 నవంబరు 1న మచిలీపట్నం మునిగింది. సుమారు 30,000 మంది చనిపోయారు. అదే సంవత్సరము అక్టోబరులో కలకత్తాను మరొక తుఫాను పాడుచేసింది. ఇలాంటి విపత్తుల తరువాతనే 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. మరుసటి సంవత్సరమే, 1876 అక్టోబరులో, తుఫాను మన విశాఖపట్నం తీరాన్ని కొట్టింది. అదే నెల చివరి రాత్రి బెంగాలులోని బాకర్‌గంజ్ దగ్గర వచ్చిన మరొక తుఫానులో లక్షల సంఖ్యలో జనము నశించారు. ఈ రెండు తుఫానులను గూర్చి జాన్ ఎలియట్ ఒకే నివేదిక వ్రాశాడు.

ఇక్కడ మన సంఘ చరిత్రను జ్ఞాపకము చేసుకోవాలి. ఉత్తరాంధ్ర తీరమునకు లండన్ మిషనరీ సొసైటీవారు 1805లోనే వచ్చారు. జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ అనే ఇద్దరు యౌవనస్థులు విశాఖపట్నములో దిగి, ఆనందరాయర్ సహాయముతో సువార్తలను తెలుగులోకి అనువదించుటకు పూనుకున్నారు. క్రాన్ 1809లో, డెగ్రాంజెస్ 1810లో ప్రభువు సన్నిధికి వెళ్ళిపోయారు. ఆ తరువాత 1875లో కెనడా దేశపు సముద్రతీర రాష్ట్రాలనుండి, అనగా నోవా స్కోషియా, న్యూ బ్రన్స్‌విక్ వంటి చోట్లనుండి, బాప్టిస్టు మిషనరీలు మన ప్రాంతమునకు వచ్చారు. భీమునిపట్నం, శ్రీకాకుళం, బొబ్బిలి, ఆ తరువాత విజయనగరం, పాలకొండ, సోంపేట, టెక్కలి, ఇలా ఒక్కొక్క చోట పని మొదలయింది.

వారిని పంపిన సంఘాల పరిస్థితి ఊహించండి. ఆ తీరములో ఉన్నవారు కూడా చేపలు పట్టే జనము, ఓడలు నడిపే జనము. సముద్రము మీదికి వెళ్ళినవారు తిరిగి రాకపోవడమంటే ఏమిటో వారికి బాగా తెలుసు. విశాఖపట్నం తీరములో తుఫాను వచ్చినదని వారి చెవికి చేరేసరికి ఇక్కడ గాలి ఆగిపోయి ఎన్నాళ్ళో అయి ఉంటుంది. ఉత్తరము రావాలంటే ఓడ రావాలి, ఓడ రావాలంటే వారాలు పట్టాలి. బ్రతికి ఉన్నారో లేదో తెలియకుండానే ప్రతి ఆదివారము వారి పేర్లెత్తి ప్రార్థన చేయాలి. ఆ కాలములో దూరమున ఉన్న స్నేహితుడు చేయగలిగింది అంతే. దేవునికి కాలము లేదు గనుక ఆ ప్రార్థన ఆలస్యమైనదని మనము అనుకోము.

హెచ్చరిక ఉన్నది, వినేవారేరి?

1977 నవంబరు 19, శనివారము. దివిసీమ ఉప్పెన పెద్దవారందరికి జ్ఞాపకమే. కృష్ణా డెల్టాలో ఊళ్ళకు ఊళ్ళు ఒక్క పూటలో లేకుండా పోయాయి. పదివేలమందికి పైగా చనిపోయారు. అప్పటికే వాతావరణ శాఖ ఉన్నది, రేడియో ఉన్నది, తుఫాను వస్తున్నదనే హెచ్చరిక కూడా ఉన్నది. ఆ హెచ్చరిక చివరి గుడిసెకు చేరలేదు. చేరినచోట కూడా అంత నీరు వస్తుందని నమ్మినవారు తక్కువ. దారి లేదు, ఎత్తైన కట్టడము లేదు.

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము జ్ఞాపకము వస్తుంది. మంచిరేవులలో ఆగియుండగా పౌలు హెచ్చరించాడు, ప్రయాణము సాగిస్తే నష్టము తప్పదన్నాడు. శతాధిపతి మాత్రము నావికుని మాట, ఓడ యజమాని మాట నమ్మాడు. కొంచెము సేపు దక్షిణపు గాలి మెల్లగా వీచింది. ఫరవాలేదనుకున్నారు. ఆ తరువాతనే ఊరకులోను అనే పెనుగాలి విరుచుకుపడింది. తుఫానుకు ముందు వీచే మెల్లని గాలిని నమ్మి ఎంతమంది మోసపోయారో మన తీరమువారికి చెప్పనక్కరలేదు.

దివిసీమ తరువాత ప్రభుత్వము మేల్కొన్నది, సంఘాలు కూడా మేల్కొన్నాయి. కాసా వంటి క్రైస్తవ సేవా సంస్థలు తీరము వెంబడి తుఫాను రక్షణ కేంద్రాలు కట్టించాయి. స్తంభాల మీద నిలిచిన ఆ కాంక్రీటు గదులు చూడడానికి అందముగా ఉండవు. కానీ ప్రసంగాలలో మనము చెప్పే ఆశ్రయదుర్గము అనే మాటకు అవి సిమెంటుతో వ్రాసిన వ్యాఖ్యానము వంటివి.

అయినను 1999లో మరల పెద్ద దెబ్బ తగిలింది. ఆ అక్టోబరు 17న గోపాలపురం దగ్గర ఒక తుఫాను తీరము దాటింది. పన్నెండు రోజులకే, అక్టోబరు 29న, ఒడిశాలోని పారాదీప్ ప్రాంతములో మహా తుఫాను విరుచుకుపడింది. సుమారు పదివేలమంది మరణించారు. ఒడిశా మనకు పొరుగు రాష్ట్రమని మాత్రమే అనుకోకండి. ఇచ్ఛాపురం దాటితే గంజాం. బరంపురములో తెలుగు మాట్లాడేవారెందరో ఉన్నారు. పూరీలో పెంటకట అనే పెద్ద మత్స్యకారుల వాడలో వినబడేది తెలుగే. పారాదీప్ రేవులో వేట చేసేవారిలో కూడా మన తీరమువారు ఉన్నారు. కాబట్టి ఒడిశాలో గాలి వీచినా మన ఇళ్ళలో ఏడుపు వినబడుతుంది.

వార్త ముందుగానే వచ్చే కాలము

ఇప్పుడు కాలము మారింది. 2004 నుండి ఉత్తర హిందూ మహాసముద్రపు తుఫానులకు పేర్లు పెడుతున్నారు. తీరదేశాలు ఒక్కొక్కటి కొన్ని పేర్లు ఇస్తాయి, వరుస ప్రకారము వాడతారు. హుద్‌హుద్ పేరు ఒమన్ దేశము ఇచ్చింది. అది తలమీద కుచ్చు గల కుకుడుగువ్వ పేరు. తిత్లీ పేరు పాకిస్తాన్ ఇచ్చింది, దానికి సీతాకోకచిలుక అని అర్థము. అంత మెత్తని పేర్లు పెట్టుకున్న గాలులే మన చెట్లను వేళ్ళతో పెకలించివేశాయి.

2013లో ఫైలిన్ గంటకు 200 కిలోమీటర్లు దాటిన వేగముతో గోపాలపురం దగ్గర తీరము దాటింది. అంతటి గాలి 1977లో వేలమందిని మింగింది. ఈసారి మృతుల సంఖ్య పదులలోనే ఆగింది. కారణము ఒక్కటే. హెచ్చరిక ముందుగా వచ్చింది, జనము కదిలారు. ఒడిశాలో, మన శ్రీకాకుళం జిల్లాలో లక్షలమందిని ముందే సురక్షిత స్థలాలకు తరలించారు. వాతావరణ శాస్త్రము చదివినవారు, ఉపగ్రహము చిత్రము చూచి లెక్కలు కట్టినవారు, అర్ధరాత్రి తలుపులు తట్టి ముసలివారిని లేపిన గ్రామ సేవకులు, వీరందరి చేతులద్వారా దేవుడు చేసిన మేలు ఇది. దేవుడు కాపాడాడని చెప్పేటప్పుడు ఆయన ఎవరి చేతులు వాడుకున్నాడో కూడా చెప్పాలి.

అయితే ఈ కాలములో ఒక కొత్త బాధ వచ్చింది. తుఫాను ఎక్కడున్నదో, ఎంత వేగముతో వస్తున్నదో టీవీలో గంట గంటకు చూస్తున్నాము. అది తీరము దాటిన క్షణమునుండి మాత్రము మన వాళ్ళ ఫోను మోగదు. పూర్వము అంతా చీకటే. ఇప్పుడు చివరి నిమిషము వరకు వెలుగు, ఆ తరువాత ఒక్కసారిగా చీకటి.

2014 అక్టోబరు 12 ఆదివారము. హుద్‌హుద్ కన్ను విశాఖపట్నము మీదుగా దాటింది. ఆ ఆదివారము ఆరాధనకు రావలసినవారు ఇళ్ళలో తలుపులు బిగించుకొని మోకరించారు. గాలి వేగము గంటకు 180 కిలోమీటర్ల వరకు ఉన్నది. విమానాశ్రయము పైకప్పు ఎగిరిపోయింది. సెల్ టవర్లు పడిపోయాయి, కరెంటు స్తంభాలు వంగిపోయాయి. విజయనగరం జిల్లాలో భోగాపురం, పూసపాటిరేగ మండలాల తీర గ్రామాలు దెబ్బతిన్నాయి. రోజుల తరబడి కరెంటు లేదు. హైదరాబాదులో, బెంగళూరులో, గల్ఫ్ దేశాల్లో ఉన్న పిల్లలు తల్లిదండ్రుల గొంతు వినడానికి తల్లడిల్లిపోయారు.

2018 అక్టోబరు 11 గురువారము తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరము దాటింది. గాలి వేగము గంటకు 140 నుండి 150 కిలోమీటర్లు. సోంపేట, కవిటి, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలు, అనగా ఉద్దానమంతా దాని దారిలో పడింది. ఉద్దానము అంటే ఉద్యానవనము. కొబ్బరి, జీడిమామిడి, పనస చెట్లతో పచ్చగా ఉండే నేల అది. అక్కడి రైతులు కొబ్బరి చెట్టును పెద్దకొడుకుతో సమానమంటారు. తెల్లవారేసరికి ఆ పెద్దకొడుకులందరు నేలమీద పడియున్నారు. ఒకటి రెండు రోజుల తరువాత వంశధార పొంగి, గాలి తప్పించుకున్న ఊళ్ళను కూడా ముంచింది.

ఆ ఉదయము ఉద్దానములో సేవ చేస్తున్న నా సెమినరీ స్నేహితులిద్దరికి ఫోను చేస్తూనే ఉన్నాను. అందుబాటులో లేరనే యంత్రపు మాట తప్ప మరేమీ లేదు. మూడవరోజు ఒకరు జాతీయ రహదారి మీదికి నడిచివచ్చి, లారీ డ్రైవరు ఫోనునుండి మాట్లాడారు. "అందరం బ్రతికే ఉన్నామండీ. చెట్లు మాత్రం ఒక్కటీ లేవు" అన్నారు. ఆ మొదటి మాటకు దేవునికి స్తోత్రము చెప్పాను. రెండవ మాట ఎంత బరువైనదో కొన్ని వారాల తరువాత వెళ్ళి చూచినప్పుడే అర్థమైంది. కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఏండ్లు పడుతుంది. యాభై ఏండ్ల మనిషి చెట్టు కోల్పోతే, మరల ఆ చెట్టు నీడలో కూర్చోవడానికి ముసలివాడు కావాలి. పైగా ఉద్దానము కిడ్నీ జబ్బుతో చాలాకాలముగా బాధపడుతున్న ప్రాంతము. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ చేయించుకోవలసిన రోగికి తుఫాను అంటే దారికి అడ్డముగా పడిన చెట్టు. ఆ చెట్టు అతనికి చావుబ్రతుకుల సమస్య.

కాబట్టి ప్రియులారా, "క్షేమమే" అనే మాట వినగానే మన చింత తీరిపోకూడదు. ప్రాణనష్టము లేదని వార్తల్లో చెప్పిన తరువాతనే బ్రతుకు నష్టము మొదలవుతుంది.

దూర తీరాల్లో మనవారు

శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరమున్నది. అంత తీరమున్నా పెద్ద చేపల రేవు లేక మన మత్స్యకారులు తరతరాలుగా వలస పోతూనే ఉన్నారు. గుజరాతులోని వేరావల్, తమిళనాడులో చెన్నై, ఒడిశాలో పారాదీప్, ఇలా పడమటి సముద్రములోను తూర్పు సముద్రములోను మనవారు వల వేస్తున్నారు. కాబట్టి అరేబియా సముద్రములో తుఫాను అని వార్త వస్తే ఎచ్చెర్ల మండలములోని తల్లికి నిద్ర పట్టదు.

2019 మే 3న ఫని తుఫాను పూరీ దగ్గర తీరము దాటినప్పుడు పెంటకటలోని తెలుగు కుటుంబాలు ఆ గాలి ఎదుటనే ఉన్నాయి. 2021 సెప్టెంబరు 26 ఆదివారము గులాబ్ తుఫాను కళింగపట్నం దగ్గర తీరము దాటింది. గులాబ్ అంటే గులాబి పువ్వు. ఆ రోజే ఒడిశానుండి కొత్త పడవ తీసికొని సముద్రము మీదుగా ఇంటికి వస్తున్న మన జిల్లా మత్స్యకారులు ప్రమాదములో చిక్కుకున్నారు. పడవ బోల్తాపడింది. కొందరు ఈదుకుంటూ ఒడ్డుకు చేరారు. కొందరు చేరలేదు. కొత్త పడవ కొనుక్కున్న సంతోషముతో బయలుదేరిన ప్రయాణమది.

ఇంకా దూరము పోదాము. 2017 ఆగస్టులో హార్వీ అనే హరికేన్ అమెరికాలో హ్యూస్టన్ పట్టణాన్ని నీటముంచింది. అక్కడ తెలుగువారు ఎందరో ఉన్నారు. ఒకప్పుడు కెనడా సంఘాలు ఇక్కడి స్నేహితుల కొరకు ఎదురుచూచాయి. ఇప్పుడు ఇక్కడి తల్లిదండ్రులు అక్కడి పిల్లల కొరకు ఎదురుచూస్తున్నారు. సముద్రానికి అటు ఇటు నిలబడినవారి స్థానాలు మారాయి, బాధ మారలేదు.

చింతపడడము పాపమా?

ఇక్కడ కొందరు అడుగుతారు. "పాస్టరుగారూ, దేనిని గూర్చియు చింతపడవద్దని ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక 4వ అధ్యాయములో ఉన్నది గదా? స్నేహితుల కొరకు చింతపడితే ఆజ్ఞ మీరినట్లు కాదా?"

ఇది మంచి ప్రశ్న. అదే పత్రిక 2వ అధ్యాయము 20వ వచనము చూడండి. తిమోతిని గూర్చి పౌలు సాక్ష్యమిస్తూ, మీ క్షేమమును గూర్చి నిజముగా చింతించేవాడు ఇతడొక్కడే అని మెచ్చుకుంటున్నాడు. గ్రీకు భాషలో ఈ రెండు చోట్ల వాడిన క్రియ ఒక్కటే, మెరిమ్నావో. ఒకచోట వద్దన్నాడు, మరొకచోట మెచ్చుకున్నాడు. రెండవ కొరింథీయులకు 11వ అధ్యాయములో సంఘములన్నిటిని గూర్చిన చింత ప్రతిదినము తనకు కలుగుచున్నదని చెప్పినప్పుడు కూడా అదే మాట కుటుంబములోని పదము వాడాడు.

భేదము ఎక్కడున్నది? నన్ను నాలోనే ముడుచుకొనేలా చేసే చింత ఒకటి, నన్ను పొరుగువాని దగ్గరకు నడిపించే చింత మరొకటి. మొదటిది టీవీ ముందు కూర్చోబెట్టి, రాత్రంతా అవే బొమ్మలు చూపించి, తెల్లవారేసరికి అలసట తప్ప ఏమీ మిగల్చదు. రెండవది మోకాళ్ళమీదికి తెస్తుంది, తరువాత కాళ్ళమీద నిలబెడుతుంది. థెస్సలొనీకయుల విషయములో పౌలు చింత తిమోతిని ప్రయాణము చేయించింది. మీ చింత మిమ్మును ఎక్కడికి నడిపిస్తున్నదో చూచుకోండి, అది ఎలాంటిదో తెలిసిపోతుంది.

యోబు స్నేహితులు చేసిన మేలు, చేసిన కీడు

యోబు గ్రంథము 1వ అధ్యాయములో అరణ్యము వైపునుండి పెనుగాలి వచ్చి ఇంటి నాలుగు మూలలను కొట్టగా యోబు పిల్లలందరు చనిపోయారు. వార్త స్నేహితులకు చేరింది. ఎలీఫజు, బిల్దదు, జోఫరు తమ తమ చోట్లనుండి బయలుదేరి వచ్చారు. ఏడు పగళ్ళు ఏడు రాత్రులు నేలమీద అతనితో కూర్చున్నారు. ఒక్క మాట మాట్లాడలేదు. ఆ ఏడు దినాలు వారు లోకములోకెల్ల మంచి స్నేహితులు.

నోరు తెరచిన తరువాతనే కీడు చేశారు. నీ పాపమువలననే ఇది నీకు వచ్చిందని యోబుకు నచ్చజెప్పబోయారు. గ్రంథము చివర దేవుడు వారిమీదనే కోపపడ్డాడు. మన కాలములో కూడా ప్రతి తుఫాను తరువాత ఇలాంటి ప్రసంగాలు వినబడుతున్నాయి. ఆ ఊరివారు ఫలాని పాపము చేశారు గనుక దేవుడు గాలి పంపాడని చెప్పేవారున్నారు. అలాంటి మాట మాట్లాడేవారు లూకా సువార్త 13వ అధ్యాయము చదవాలి. సిలోయములో గోపురము పడి 18 మంది చనిపోతే, వారు మిగతావారికంటె పాపులని మీరు తలంచుచున్నారా అనే భావముతో ప్రభువు ప్రశ్నించి, కాదని తానే జవాబిచ్చాడు. చచ్చినవారిమీదనుండి వ్రేలు తీసి బ్రతికియున్న మనవైపు త్రిప్పి, మీరు మారుమనస్సు పొందండి అన్నాడు. గాలి వచ్చినప్పుడు చర్చి కప్పు ఎగిరిపోయింది, గుడి ముందటి రావిచెట్టు పడిపోయింది, మసీదు గోడ కూలింది. పూరిగుడిసెలో ఎవరున్నారని గాలి అడగలేదు. సహాయము చేసే చేయి కూడా అడగకూడదు.

మనమేమి చేయాలి?

అంతియొకయలో ఉన్న శిష్యులు అపొస్తలుల కార్యములు 11వ అధ్యాయములో దారి చూపారు. కరవు రాబోవుచున్నదని అగబు ప్రవచించినప్పుడు వారు కరవు వచ్చేదాకా ఆగలేదు. ప్రతివాడును తన శక్తికొలది ఇచ్చి, బర్నబా సౌలుల చేత యూదయకు పంపారు. హెచ్చరిక వినగానే ప్రేమ లేచింది. మన సంఘాలు కూడా అలాగే చేయవచ్చును.

గాలి రాకముందు: మీ సంఘములో ఒంటరిగా ఉన్న ముసలివారు, గర్భిణులు, డయాలసిస్ రోగులు, వేటకు వెళ్ళిన ఇళ్ళు ఎవరివో పేర్లు వ్రాసి పెట్టుకోండి. పక్కా కప్పు గల చర్చి ఉంటే తలుపులు అందరికి తెరవండి. దూరమున ఉన్నవారు అప్పుడే ఫోను చేసి, "ఇంట్లోనే ఉండిపోకండి, కేంద్రానికి వెళ్ళండి" అని చెప్పండి. మన మాట వినని పెద్దలు కూడా స్నేహితుని మాట వింటారు.

గాలి వీచుచుండగా: ప్రార్థించండి. పుకార్లు పంచకండి. బ్యాటరీ రేడియో ఒకటి ఇంట్లో ఉంచుకోండి. టవర్లు పడినప్పుడు కూడా ఆ చిన్న పెట్టె మాట్లాడుతుంది.

గాలి వెళ్ళిన తరువాత: వెళ్ళండి. అందరము ఒకేసారి వెళ్ళి దారికి అడ్డము కావద్దు. తిమోతివలె ఒకరిని పంపండి. వారు ఏమి కావాలంటే అది తీసికొని వెళ్ళండి. మొదటి వారము బియ్యము, దుప్పట్లు తెచ్చేవారు చాలామంది ఉంటారు. మూడవ నెలలో జీడి తోట లేని కూలివానిని, వల లేని జాలరిని పలుకరించేవారు ఉండరు. సంఘము ఆ మూడవ నెలలో కనబడాలి. సోంపేటలో కెనడా వైద్యుడు బెన్ గలిసన్ చేసిన కంటి సేవను తలంచుకోండి. ఆయన అక్కడే ఉండి, ఏండ్ల తరబడి పేదల కండ్లు తెరిపించాడు. ఆ స్నేహమునుండియే 1963లో ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ కెనడాలో పుట్టింది. నిలిచియుండే స్నేహము అంటే అది.

చివరిగా ఒక్క మాట. మార్కు సువార్త 4వ అధ్యాయములో ప్రభువు తుఫానును గద్దించిన సంగతి మనందరికి తెలుసు. మనము ఆ కథ చెప్పేటప్పుడు ఒకే దోనెను చూస్తాము, ఆయన నిద్రించుచున్న దోనెను. కానీ 36వ వచనము చివర మార్కు ఒక చిన్న సంగతి వ్రాశాడు. ఆయన వెంట మరికొన్ని దోనెలు కూడా వచ్చాయి. ఆ రాత్రి ఆ దోనెలు కూడా అదే గాలిలో ఊగాయి. వాటిలోనివారు కేకలు వేశారో లేదో వ్రాయబడలేదు. ఆయన గాలిని నిమ్మళపరచినప్పుడు ఆ నెమ్మది వారి దోనెలకు కూడా చేరింది.

ఈసారి వాయుగుండం వార్త వినినప్పుడు ఆ మరికొన్ని దోనెలను జ్ఞాపకము చేసుకోండి. మీ దోనెలో ఉన్న ప్రభువును వారి దోనెల కొరకు కూడా లేపండి.

ప్రార్థన చేసుకుందాము. పరిశుద్ధుడవైన తండ్రీ, గాలిని సముద్రమును చేసినవాడవు నీవే. తీరము వెంబడి నివసించే మా వారిని, సముద్రము మీదనున్న మా వారిని, దూరదేశాల్లోనున్న మా వారిని నీ చేతికి అప్పగిస్తున్నాము. సమాచారము అందక కన్నీరు విడుచుచున్న తల్లులను ఆదరించుము. మా చింతను ప్రార్థనగాను, మా ప్రార్థనను ప్రయాణముగాను మార్చుము. చెట్టు పడిపోయినచోట మరల మొక్క నాటే ఓపికను దయచేయుము. యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.